ఏడిస్తే ఆరు

2023 డిసెంబర్‌లో ఇల్లందు వెళ్ళినప్పుడు మా అమ్మ ఫోన్లో ఒక బిట్‌కాయిన్ వాలెట్ పెట్టాను. సెల్ఫ్ కస్టడీ వాలెట్ అంటారు. అందులోని సొమ్ముకి తాళంచెవి ఏ కంపెనీ దగ్గరా ఉండదు, ఫోన్ ఎవరిదో వాళ్ళ దగ్గరే ఉంటుంది. తమ్ముడు విదేశంలో ఉంటాడు. ఇంటికి డబ్బు పంపిన ప్రతిసారీ మధ్యలో బ్యాంకులు కోసుకునేదాని గురించి గొణుగుతాడు. నేనేమో పేమెంట్స్ సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాణ్ణి. మధ్యలో ఎవరూ లేకుండా పంపుకోవచ్చని ఇద్దరికీ చూపించాలని సరదా పుట్టింది. పరీక్షకని వెయ్యి రూపాయల విలువ చొప్పున మూడుసార్లు అమ్మ వాలెట్‌కి పంపాను. ఇప్పుడు ఆ మూడు వేలూ తమ్ముడికి పంపమన్నాను.

అమ్మ బటన్ నొక్కబోయి ఆగింది. కింద చిన్న అక్షరాల్లో ఫీజు ఉంది, అదీ సతోషీల్లో: 12,300. బిట్‌కాయిన్‌లో పది కోట్లో వంతు సతోషీ. రూపాయల్లోకి మార్చి చెప్పాను, సుమారు 430 అని.

"మూడు వేలకు నాలుగొందల ముప్పయ్యా? మధ్యల ఎవరూ లేరంటివి గదరా. మరి ఇవి ఎవరికి పోతయి?"

"మైనర్లకమ్మా."

"మన మైనర్లకా?"

బిట్‌కాయిన్ చిట్టా రాసే కంప్యూటర్లున్నవాళ్ళని మైనర్లంటారని చెప్పాను. సింగరేణి ఊళ్ళో ఆ మాటకి ఇంకో అర్థం లేదు కాబట్టి నవ్వుకున్నాం. అమ్మ మాత్రం బటన్ నొక్కలేదు. ఆ రాత్రి నాకు మా తాత మాట గుర్తొచ్చింది: "ఏడిస్తే ఆరు."

*

లెక్క ఎక్కడైనా తేడా కొడితే తాత ఆ మాట అనేవాడు. చిన్నప్పుడు మేం దాన్ని ఏడుపు గురించే అనుకున్నాం. ఏడిస్తే ఆరు దెబ్బలు పడతాయని. అసలు సంగతి నేను ఇంజినీరింగ్‌లో ఉన్నప్పుడు తెలిసింది. ఏడు ఇస్తే ఆరు వస్తాయి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఇల్లందు చరిత్ర బొగ్గుతో మొదలవుతుంది. భద్రాచలం యాత్రకు పోయేవాళ్ళు పొయ్యిరాళ్ళుగా పెట్టుకున్న నల్లరాళ్ళే మండాయని మా వైపు చెప్పుకుంటారు. కాగితాల్లో ఉన్నదాని ప్రకారం, 1870ల మొదట్లో జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ ఇక్కడ బొగ్గుందని తేల్చాడు. 1886లో తవ్వుకునే హక్కు ఇంగ్లండ్‌లో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి దక్కింది. పక్కనున్న సింగరేణి ఊరి పేరుతో 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి, పాత కంపెనీ ఆస్తులూ అప్పులూ తీసుకుంది. డోర్నకల్ నుంచి ఇల్లందుకు రైలు వచ్చింది కూడా ఈ బొగ్గు కోసమే.

తాత 1940ల్లో కొత్తగూడెం బొగ్గుబాయిల్లో పనిచేశాడు. కూలి నిజాం రూపాయల్లో ముట్టేది. హైదరాబాద్ రాజ్యానికి సొంత డబ్బుండేది: హాలీ సిక్కా, తర్వాత్తర్వాత ఉస్మానియా సిక్కా అన్నారు. బ్రిటిష్ ఇండియా రూపాయిని జనం కల్దార్ అనేవాళ్ళు. రెండింటికీ పదహారణాలే, అణాకి పన్నెండు పైసలే. కానీ రెండూ సమానం కాదు. వంద కల్దార్లు కావాలంటే 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ ఇచ్చుకోవాలి. నోటి లెక్కలో చెప్పాలంటే ఏడుకి ఆరు.

హైదరాబాద్‌లో ఉండి హైదరాబాద్‌లో ఖర్చుపెట్టుకునేవాడికి ఈ లెక్కతో పనిలేదు. మావాళ్ళకు పనుంది. తాత చెల్లెల్ని గోదావరి అవతల, భద్రాచలం వైపు ఊరికిచ్చారు. గోదావరికి ఎడమ ఒడ్డున ఉన్న ఆ ప్రాంతాన్ని నిజాం 1860లోనే బ్రిటిష్ వాళ్ళకి వదులుకున్నాడు. మొదట్లో అది సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంది. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిసింది. ఖమ్మం జిల్లాలోకి వచ్చింది 1959లో. అంటే తాత కాలంలో ఆ నది రెండు ప్రభుత్వాల మధ్య సరిహద్దు. ఇవతల ఒక రూపాయి, అవతల ఇంకో రూపాయి. సరుకు దాటిస్తే కరోడ్‌గిరి సుంకం కట్టాలి. డబ్బు దాటిస్తే వట్టం కట్టాలి.

వట్టం అనే మాట ఇప్పుడు పెద్దగా వినపడదు. ఒక నాణేన్ని ఇంకో నాణెంగా మార్చేటప్పుడు కోతపడే తేడా అది. ఉర్దూలో బట్టా. ఫీజుకి మనకున్న పాత మాటల్లో ఇదొకటి.

*

నా వృత్తి వల్లనేమో, ఏడుకి ఆరు అనగానే నాకు మొదట తోచింది రౌండింగ్. ఏడు రూపాయలు తెస్తే ఆరు వస్తాయి, శేషం లేదు. ఒక్క రూపాయి తెస్తే? పదమూడు అణాల ఎనిమిది పైసలు, పైన పైసాలో ఏడింట నాలుగు వంతులు. అంత చిన్న నాణెం లేదు. ఆ ముక్క మార్చేవాడికే మిగులుతుంది. నిజానికి ఆ ముక్క విలువ ఎంతోకాదు, అర శాతం కూడా లేదు. అసలు నష్టం దాని వెనకాల వచ్చేది. లెక్క సమంగా తెగదు కాబట్టి మార్చేవాడు తనకి నచ్చినచోట తెంపుతాడు. తాత చెప్పినదాని ప్రకారం, విడిరూపాయలు తెచ్చినవాళ్ళకి రూపాయికి పదమూడణాలు అనేవాళ్ళు. పైన ఎనిమిది పైసలూ గాల్లో కలిసిపోయేవి. అంటే ఐదు శాతానికి పైగా కోత.

అందుకని తాత ఏడేసి రూపాయలు మూటగట్టేవాడు. ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి. ఇరవై ఒకటి తీసుకెళ్తే కచ్చితంగా పద్దెనిమిది అడగొచ్చు, ఎదుటివాడికి తెంపడానికి ఏమీ ఉండదు. చదువు రాని మనిషి, వట్టం తప్పించుకోవడానికి ఏడో ఎక్కం నేర్చుకున్నాడు.

కానీ అవసరాలు ఏడేసి రూపాయల చొప్పున రావు కదా. ఒకసారి చెల్లెలికి కాన్పు కష్టమైందని కబురొచ్చింది. తాత దగ్గర ఐదు రూపాయలున్నాయి. కొత్తగూడెం నుంచి వెళ్ళి, మార్చుకుని, పడవ దాటాడు. అప్పటికి అక్కడ వారధి లేదు. అవతలి ఒడ్డు చేరేసరికి చేతిలో ఉన్నవి నాలుగు రూపాయల ఒక అణా. న్యాయంగా అయితే నాలుగు రూపాయల నాలుగణాల ఆరు పైసలు రావాలి. మూడున్నర అణాల తేడా గురించి ఆయన ముప్పై నలభై ఏళ్ళ తర్వాత కూడా చెప్పేవాడు. చెల్లెలు బతికింది. బిడ్డ దక్కలేదు. దానికీ దీనికీ సంబంధం లేదని తాతకీ తెలుసు. అయినా ఆ కథ చెప్పినప్పుడల్లా మూడున్నర అణాలని వదిలిపెట్టేవాడు కాదు.

ఇక్కడ ఇంకో వైపు కూడా చూడాలి. సొంత నాణెం నిజాంకి ఊరికే అలంకారం కాదు. బ్రిటిష్ వాళ్ళ నీడలో ఉన్న రాజ్యానికి అది స్వతంత్రానికి గుర్తు. చార్మినార్ బొమ్మతో రూపాయి కొట్టించుకోవడం, 1918 నుంచి సొంత నోట్లు వెయ్యడం, 1941లో చట్టం చేసి హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ పెట్టి ఆ డబ్బు నిర్వహణ అప్పజెప్పడం, ఇవన్నీ "మా డబ్బు మా చేతిలో" అని చెప్పడమే. ఆ నోట్ల మీద ఉర్దూ, ఇంగ్లీషుతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలుండేవి. ఏ రూపాయి నోటో తెలుగు చదవగలిగినవాడు తెలుగులో చదువుకోవచ్చు. ఆ మేరకు ఆ ప్రభుత్వం మర్యాద పాటించింది.

అయితే ఆ స్వతంత్రానికి వట్టం కట్టింది ఎవరు? సరిహద్దు దాటాల్సిన ప్రతి చిన్నమనిషీ. పెద్ద వర్తకుడు వేలల్లో మారుస్తాడు, బేరమాడతాడు, హుండీ రాయించుకుంటాడు. ఐదు రూపాయలవాడికి ఆ దారులు లేవు. పోలీస్ చర్య తర్వాత హాలీ మెల్లగా కనుమరుగై, 1950ల్లో అంతా భారత రూపాయే అయ్యాక, తాత దానికి సంతోషించాడు తప్ప చార్మినార్ రూపాయి పోయిందని బాధపడింది నేను వినలేదు.

*

మధ్యవర్తి లేని చెల్లింపు అంటే మా ప్రాంతంలో అందరికీ తెలిసిన కథ ఒకటే. భద్రాచలం గుడికి ఖర్చుపెట్టిన సర్కారు సొమ్ము కోసం గోల్కొండలో ఖైదయిన రామదాసు బాకీని రామలక్ష్మణులు స్వయంగా వచ్చి తానీషాకి తీర్చేశారని, రసీదు కూడా తీసుకున్నారని చెప్తారు. కోతలేదు, వట్టం లేదు. దేవుడికి మాత్రమే సాధ్యమైన ట్రాన్సాక్షన్ అది.

మామూలు మనుషులకి పోస్టాఫీసు ఉంది. బ్రిటిష్ ఇండియాలో మనియార్డర్ 1880లో మొదలైంది. మా నాన్న హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు తాత పంపింది మనియార్డరే. మాకు తెలిసిన రోజుల్లో దాని కమిషన్ ప్రతి ఇరవై రూపాయలకీ ఒక రూపాయి. అంటే ఐదు శాతం, దాదాపు తాత ఆ పదమూడణాల దగ్గర పోగొట్టుకున్నంత. కానీ తాత దాన్ని ఏనాడూ తిట్టలేదు. ఎందుకని అడిగితే, "అది ముందే చెప్పి తీసుకుంటది" అన్నాడు. పోస్ట్‌మాస్టర్ ఫారం నింపిపెడతాడు, ఎంత పోతుందో తెలుగులో చెప్తాడు, పోస్ట్‌మ్యాన్ ఇంటికి తెచ్చి చేతిలో పెట్టి సంతకమో వేలిముద్రో తీసుకుంటాడు. కోత సమానమైనా రెండింటికీ తేడా ఉంది. ఒకటి ధర. ఒకటి మోసపోయానేమో అనే అనుమానం.

2008 అక్టోబర్ 31న సతోషీ నకమోతో పేరుతో వచ్చిన బిట్‌కాయిన్ పత్రం మొదటి పేజీలోనే ఈ బాధ ఉంది. మధ్యవర్తులుంటే ఖర్చు పెరుగుతుంది, దానివల్ల చిన్న చిన్న చెల్లింపులు గిట్టుబాటు కావు అని. అంటే ఐదు రూపాయలవాడి సమస్యతోనే ఇది మొదలైంది. పదిహేనేళ్ళ తర్వాత అమ్మ ఫోన్లో మూడు వేలకు 430 ఎందుకయిందో, అందుకే వివరంగా చూడాలి.

బిట్‌కాయిన్‌లో సుమారు పది నిమిషాలకొకసారి చిట్టాలో ఒక పేజీ చేరుతుంది. పేజీలో చోటు కొంతే. ఆ చోటు కోసం వేలం నడుస్తుంది, ఎక్కువ ఇచ్చినవాడిది ముందెక్కుతుంది. ఫీజు పంపే మొత్తాన్ని బట్టి ఉండదు, ఆ లావాదేవీ రాయడానికి ఎంత చోటు పడుతుందో దాన్ని బట్టి ఉంటుంది. కోటి రూపాయలు పంపినా వెయ్యి రూపాయలు పంపినా పట్టే చోటు ఒకటే కావచ్చు. కోటివాడికి అది లెక్కలోకే రాదు. రద్దీ రోజుల్లో వెయ్యివాడికి అసలు పంపడమే దండగ. 2017 డిసెంబర్‌లో సగటు ఫీజు 50 డాలర్లు దాటింది.

ఇంకో మెలిక ఉంది. వాలెట్‌లో సొమ్ము ఒక కుప్పగా ఉండదు, వచ్చినవి వచ్చినట్టు విడివిడి నాణేలుగా ఉంటుంది. ఖర్చుపెట్టేటప్పుడు ఒక్కో నాణేనికీ విడిగా చోటు పడుతుంది, సుమారు 68 బైట్లు. నేను వెయ్యేసి మూడుసార్లు పంపాను కాబట్టి అమ్మ దగ్గర మూడు నాణేలున్నాయి. మొత్తం 246 బైట్లు, ఆ రోజు ధర బైటుకి 50 సతోషీలు. అందుకని 12,300. మూడు వేలూ ఒకేసారి పంపి ఉంటే 110 బైట్లతో పోయేది, 190 రూపాయలయ్యేది. సరదా నాది, వట్టం అమ్మది.

రోజుకూలీలాగా కొంచెం కొంచెం వచ్చేవాళ్ళకే ఇక్కడ ఖర్చెక్కువ. మరీ చిన్న నాణేలయితే అసలు కదలవు. పాత రకం అడ్రసుకి 546 సతోషీల కన్నా తక్కువ పంపాలని చూస్తే నెట్‌వర్క్ మామూలుగా దాన్ని ముందుకు పోనివ్వదు. దాన్ని ధూళి అంటారు. తాత రూపాయిలో తెగిపోయిన ఆ ఏడింట నాలుగు వంతుల పైసాకి ఇదే కొత్త పేరు. ధర తగ్గిన రోజున చిన్న నాణేలన్నిటినీ ఒకటిగా కలిపి పెట్టుకోవడం దీనికి మందు. తాత కట్టిన ఏడేసి రూపాయల మూటలే అవి. ఆయనకి ఆ సూత్రం తెలుసు. అమ్మ ఫోన్లోని యాప్ ఆ మాట ఎక్కడా చెప్పలేదు. చెప్పాల్సిన నేనూ చెప్పలేదు.

చిన్న చెల్లింపుల కోసం లైట్నింగ్ అని పైన ఇంకో ఏర్పాటు 2018 నుంచి వాడుకలో ఉంది. ఇద్దరు కొంత సొమ్ము ముందే కట్టిపెట్టుకుని, తమ మధ్య లెక్కని మళ్ళీ మళ్ళీ సవరించుకుంటూ, చివర్లో మాత్రం పెద్ద చిట్టాకి ఎక్కిస్తారు. కిరాణా కొట్లో ఖాతా పెట్టుకున్నట్టు. ఫీజు బాగా తగ్గుతుంది. ఫీనిక్స్ అనే వాలెట్ పంపినదానిమీద 0.4 శాతం, పైన 4 సతోషీలు తీసుకుంటుంది. ఇది మనియార్డర్ లాంటి ధర, ముందే చెప్పగలిగిన ధర. కానీ కొత్తవాళ్ళు డబ్బు అందుకోవాలంటే ముందు ఆ ఖాతా తెరవాలి, అవతలివైపు చోటుండాలి, అలా చోటు కల్పించడానికి మళ్ళీ పెద్ద చిట్టా ఫీజు పడుతుంది. డబ్బు తీసుకోవడానికి కూడా ముందు ఖర్చేంటని అమ్మ అడిగితే నా దగ్గర పొట్టి జవాబు లేదు.

*

యూపీఐ ఉండగా ఈ గోలంతా ఎందుకని చదివేవాళ్ళకి అనిపించొచ్చు. నిజమే. 2016లో వచ్చిన యూపీఐలో ఇల్లందు బస్టాండ్ దగ్గర టీకొట్టుకి పది రూపాయలు ఫీజు లేకుండా పోతాయి. 2020 జనవరి నుంచి దుకాణదారు దగ్గర కూడా దానిమీద ఛార్జీ తీసుకోకూడదని ప్రభుత్వమే నియమం పెట్టింది. ఆ ఖర్చు బ్యాంకులూ ప్రభుత్వమూ మోస్తున్నాయి. తెలుగులో మాట్లాడే స్పీకరు కూడా ఉంది.

కానీ ఆ డబ్బు మన చేతిలో ఉండదు. ఉన్నట్టు చూపించే అంకె మాత్రం మన చేతిలో ఉంటుంది. ఆ తేడా మా ఇంట్లో అందరికన్నా బాగా తెలిసింది నాయనమ్మకి. బ్యాంకుని నమ్మక ఐదొందల నోట్లు బియ్యం డబ్బాలో దాచుకుంది. 2016 నవంబర్ 8 రాత్రి అవి చెల్లవన్నారు. డెబ్బై దాటిన మనిషి నాలుగు రోజులు లైన్లో నిలబడింది. సొంత డబ్బాలో దాచుకున్నా, విలువ వేరేవాళ్ళ చేతిలో ఉందని అప్పుడు అర్థమయింది. క్రిప్టోలోనూ అంతే, తాళంచెవి వేరేవాళ్ళకిచ్చినవాళ్ళు ఆరిపోయారు. 2014లో జపాన్‌లో మౌంట్ గాక్స్ మునిగింది, 2024 జులైలో మన దేశంలోనే వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైనవి దొంగలెత్తుకుపోయారు. కాబట్టి సొమ్ము మన చేతిలో ఉండాలనడం పిచ్చికోరిక కాదు. ఒంటిమీద వెండి కడియాలు దాచుకున్న కోయ ఆడవాళ్ళకి ఎవరూ కస్టడీ గురించి పాఠం చెప్పక్కర్లేదు.

నా గొడవల్లా, ఆ స్వతంత్రానికి వట్టం మళ్ళీ ఐదు రూపాయలవాళ్ళ దగ్గరే ఎందుకు వసూలవుతోందని. ఫీజు ఒక్కటే కాదు, వాడకంలోనూ అదే.

వాలెట్ పెట్టిన రోజు అది పన్నెండు ఇంగ్లీషు పదాలు చూపించింది. ఫోన్ పోయినా ఆ పదాలు వరసలో ఉంటే సొమ్ము తిరిగొస్తుంది, లేకపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు. 2013లో వచ్చిన బిప్-39 అనే పద్ధతి అది; 2048 పదాల పట్టీ. ఆ పట్టీ జపనీస్, కొరియన్, చైనీస్, స్పానిష్, ఫ్రెంచ్, ఇటాలియన్, చెక్, పోర్చుగీస్ భాషల్లో కూడా ఉంది. భారతీయ భాష ఒక్కటీ లేదు. నిజాం నోటు మీద ఉన్న తెలుగు దీంట్లో లేదు. అమ్మ ఆ పన్నెండు పదాల్నీ నేను చదువుతుంటే తెలుగు అక్షరాల్లో చీటీల లెక్కల పుస్తకంలో రాసుకుంది.

2025లో ఆ ఫోన్ నీళ్ళలో పడింది. కొత్త ఫోన్లో పదాలు ఎక్కించడానికి కూర్చున్నాను. ఎనిమిదోది "మైనర్". బొగ్గుబాయి మనవడిని కదా, గనిలో పనిచేసేవాడి స్పెల్లింగ్ కొట్టాను. యాప్ ఒప్పుకోలేదు. రెండు గంటలు మిగతా పదాలన్నీ అనుమానించాను. చివరికి పట్టీ తెరిచి చూస్తే అందులో ఉన్నది చిన్నవయసు మైనర్. గనికార్మికుడు ఆ పట్టీలో లేడు. గనీ లేదు, బొగ్గూ లేదు. వెతికి చూశాను.

సొమ్ము తిరిగొచ్చింది. ఈలోగా బిట్‌కాయిన్ ధర పెరిగి మూడు వేలు ఏడున్నర వేలు దాటాయి. "ఇవి పైసలా, భూమా?" అంది అమ్మ. చట్టం కూడా దాదాపు అలాగే చూస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి దీనిమీద లాభానికి 30 శాతం పన్ను, అదే ఏడు జులై నుంచి చేతులు మారేటప్పుడు ఒక శాతం టీడీఎస్. టీ తాగి దీంతో డబ్బులిచ్చినా పన్ను లెక్క రాసుకోవాల్సిందే. అది సర్కారు వట్టం.

ఒక ఆదివారం పొద్దున రద్దీ లేదు, బైటుకి రెండు సతోషీలు నడుస్తోంది. అమ్మని ఇప్పుడు పంపమన్నాను. ఫీజు 44 రూపాయలు. ఈసారి నొక్కింది. తమ్ముడికి అరగంటలో చేరింది, మధ్యలో ఏ బ్యాంకూ లేదు. ఆ పద్ధతిమీద నాకున్న ఇష్టం ఆ అరగంటసేపు పూర్తిగా తిరిగొచ్చింది.

"మరి ఆదివారం దాకా ఆగితే తక్కువ పడుతదని నాకు ఎవరు చెప్పాలె?" అంది అమ్మ.

తర్వాత చీటీల పుస్తకం తీసి, ఆ పన్నెండు పదాల కింద ఒక వాక్యం రాసుకుంది. "430 అన్నది పెద్దోడు చెప్పిన రోజు పంపితే 44."